అడవి గాచిన వెన్నెల

ఆటలో గెలిచినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించడం మనకు కొత్తగాదు. పూర్వం పల్లెల్లో కుస్తీ గెలిచిన వస్తాదుకు తలపాగా చుట్టి, మేళతాళాలతో ఊరంతా తిప్పేవారు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చుని చప్పట్లు కొడుతున్నాం. పద్ధతి మారింది గాని ముచ్చట మారలేదు. అయితే ఒక్క సంగతి. ఊరేగింపు అయిపోయాక ఆ మనిషిని కిందికి దింపేస్తాం గదా, దిగిన తరువాత అతడేమైనా మాట్లాడబోతే నిలబడి వినేవాళ్ళు ఎంతమంది? భుజాల మీదికి ఎత్తుకోవడం సులువే; చెవి ఒగ్గడమే కష్టం.

ఈ చిక్కు అందరికంటె ఎక్కువగా ఎదురయ్యేది కొండల్లోంచీ, అడవుల్లోంచీ వచ్చిన ఆటగాళ్ళకు. మా కాలేజీలో యేటా ఆటల పోటీలు జరుగుతాయి. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు బహుమతుల్లో సగానికి తక్కువ కాకుండా పట్టుకుపోతారు. అది చూసి మా స్టాఫురూములో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "వాళ్ళకేమండీ, కొండలెక్కీ దిగీ పెరిగిన కాళ్ళు! పరుగు వాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది."

మెచ్చుకోలే, సందేహం లేదు. కాని ఆ మెచ్చుకోలు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోతుంది. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న మన పిల్లవాణ్ణి గురించి పుట్టుకతోనే వచ్చిందని ఊరుకుంటామా? రాత్రింబవళ్ళు కష్టపడ్డాడంటాం, నలుగురికీ చెప్పుకుంటాం. కొండకుర్రవాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసిన సాధనను మాత్రం తీసుకెళ్ళి కొండ ఖాతాలో జమ కడతాం. కాళ్ళు గొప్పవంటే తలతో పని లేదనే అర్థం అందులో ఎక్కడో దాగి ఉంటుంది.

కాళ్ళను మెచ్చిన లోకం చేతనే తమ మాట కూడా వినిపించినవాళ్ళు కొందరున్నారు. తమవాళ్ళకు పెద్దదిక్కయినవాళ్ళు. అటువంటి ఇద్దరి సంగతి పాఠకులతో ముచ్చటించాలని నా కోరిక. ఒకరు మన దేశంవారు. రెండవవారు సముద్రాల కవతలివారు.

హాకీ అభిమానులకు జైపాల్ సింగ్ పేరు తెలుసు. రాజ్యాంగ చరిత్ర చదివినవాళ్ళకూ ఒక జైపాల్ సింగ్ తెలుసు. ఆ ఇద్దరూ ఒకే మనిషి అని తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆయన ముండా తెగవాడు. 1903 జనవరి 3వ తేదీన, నేటి జార్ఖండ్‌లోని ఖుంటి ప్రాంతంలో టకరా అనే పల్లెలో పుట్టాడు. చిన్నప్పటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీలో మిషనరీలు నడిపే సెయింట్ పాల్స్ స్కూల్లో చదువు. కుర్రవాడి చురుకుదనం చూసి అక్కడి పెద్ద పాదిరీ ఆయన్ను ఇంగ్లండు తీసుకుపోయాడు. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో అర్థశాస్త్రం చదివాడు. యూనివర్సిటీ హాకీ జట్టులో ఆడి, 'బ్లూ' అని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునే గౌరవం సంపాదించాడు. ఆ తరువాత ఐ.సి.యస్.కు ఎంపికయ్యాడు. ఆ రోజుల్లో ఐ.సి.యస్. అంటే ఏమిటో మీ తాతగారి నడగండి. పిల్లనిచ్చేవాళ్ళు వీధిలో బారులు తీరేవారు.

సరిగ్గా అప్పుడే 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్సు వచ్చాయి. హిందూదేశం మొట్టమొదటిసారిగా హాకీ జట్టును పంపుతున్నది. దానికి నాయకుడుగా ఉండమని జైపాల్ సింగ్‌కు పిలుపు వచ్చింది. ఐ.సి.యస్. శిక్షణలో ఉన్నవాడు సెలవడిగాడు. సెలవు దొరకలేదు. అయినా వెళ్ళాడు. ఆ ఉద్యోగం మరి ఆయనకు దక్కలేదు.

ఆమ్‌స్టర్‌డాంలో మనవాళ్ళు అయిదు ఆటలాడారు. ఆస్ట్రియా మీద 6, బెల్జియం మీద 9, డెన్మార్కు మీద 5, స్విట్జర్లాండు మీద 6, చివరికి మే 26న హాలండు మీద 3: వెరసి 29 గోలులు. మనమీద ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అందులో 14 గోలులు ధ్యాన్‌చంద్ ఒక్కడివే. ఒలింపిక్సులో మన దేశానికి వచ్చిన తొలి బంగారు పతకం అదే. చివరి ఆట నాటికి జైపాల్ సింగ్ మైదానంలో లేడు. జట్టు పెద్దలతో పొసగక తప్పుకున్నాడు. తన మనసుకు నచ్చనిచోట నిలబడే మనిషి కాదన్నమాట! ఈ స్వభావం ఆయనకు ముందుముందు కొంత మేలూ చేసింది, కొంత కీడూ చేసింది.

ఇక్కడితో కథ ఆగిపోతే ఆయన మంచి ఆటగాడు, అంతే. ఆ తరువాత దాదాపు పదేళ్ళు ఆయన బతుకు తనవాళ్ళకు చాలా దూరంగా గడిచింది. కలకత్తాలో పెద్ద కంపెనీ ఉద్యోగం. ఆఫ్రికాలో, ఇవాళ ఘనా అంటున్న దేశంలో అధ్యాపకత్వం. రాయపూరులో రాజకుమారులు చదివే కాలేజీలో పని. టకరా పల్లెకూ ఆ జీవితానికీ ఎక్కడా పోలిక లేదు. కాని 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభ జరిగినప్పుడు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. తరువాత జనం ఆయన్ను ముండా భాషలో 'మరాంగ్ గోమ్కే' అని పిలుచుకున్నారు. పెద్ద నాయకుడని అర్థం.

1946లో ఆయన రాజ్యాంగసభ సభ్యుడయ్యాడు. డిసెంబరు 19న ఆశయాల తీర్మానం మీద మాట్లాడడానికి లేచాడు. దేశంలోని మహామహులైన న్యాయవాదులంతా అక్కడున్నారు. ఆయన తనను తాను 'జంగ్లీ'నని చెప్పుకున్నాడు. మా వైపు మమ్మల్ని పిలిచే పేరు అదేనన్నాడు. జంగ్లీవాణ్ణి కనుక తీర్మానంలోని న్యాయశాస్త్రపు మెలికలు తనకు తెలియకపోవచ్చునన్నాడు. కాని ప్రజాస్వామ్యాన్ని మాత్రం ఆదివాసులకు ఎవరూ నేర్పనక్కరలేదు, వారి దగ్గరే నేర్చుకోవాలి అని గట్టిగా చెప్పాడు. అంతేకాదు, ఈ సభలో మగవాళ్ళు మరీ ఎక్కువైపోయారు, మా ఆడవాళ్ళు కూడా రావాలి అన్నాడు. తిట్టుగా వాడే మాటను బిరుదుగా తీసుకుని, దానిమీద నిలబడి ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు చేసిన ప్రసంగం అది. ఇందులో తెగువ ఎంతో, చమత్కారమూ అంతే.

మరొక సందర్భంలో, మద్యపాన నిషేధం గురించి చర్చ వచ్చింది. నిషేధం మంచిదే గదా అని మనబోటివాళ్ళం తలలూపుతాం. ఆయన లేచి, వరినాట్ల రోజుల్లో మోకాలిలోతు నీళ్ళలో, జోరు వానలో, రోజంతా నిలబడి పనిచేసే సంతాలీ కూలీల సంగతి ఎత్తాడు. వాళ్ళకు బియ్యంతో చేసుకునే ఇంటి కల్లు పూజలో భాగం, పనిలో భాగం అని వివరించాడు. ఆయన వాదంతో మనం ఏకీభవించనక్కరలేదు. కాని ఆ సభలో ఆ నీళ్ళను, ఆ చలిని తలపెట్టినవాడు ఆయన గనక, ఆ మాట చెప్పవలసినవాడూ ఆయనే.

వీటన్నిటికంటె నన్ను కట్టిపడేసింది ఒక మాట గురించి ఆయన పట్టిన పట్టు. హిందీ అనువాదాల్లో ఈ తెగలవారికి 'వనజాతి' అనే పేరు పెట్టారు. అడవివాళ్ళని దానర్థం. ఆయన ఒప్పుకోలేదు. 'ఆదివాసి' అనే మాట ఉండగా ఇదెందుకని అడిగాడు. ఆదివాసి అంటే మొదటి నుంచీ ఉన్నవాడు. వనజాతి అంటే అడవిలో ఉన్నవాడు. మొదటి మాట చరిత్ర చెబుతుంది. రెండవది చిరునామా చెబుతుంది, అంతే. తెలుగు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గనక, ఒక మాటకోసం దేశపు సభలో లేచి నిలబడ్డ మనిషంటే నాకు గౌరవం.

మాటల్లో ఏముందండీ అంటారా? వినండి. మొన్నామధ్య ద్వితీయ సంవత్సరం క్లాసులో జాతీయాలు చెబుతున్నాను. 'అడవి గాచిన వెన్నెల' వచ్చింది. ఎవరికీ పనికిరాకుండా వృథాగా పోయినదాన్ని అలా అంటామని, నిఘంటువులో ఉన్నట్లే చెప్పాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచాడు. పాడేరు అవతల కొండల్లోనుంచి వచ్చినవాడు, మా కబాడీ జట్టుకు నాయకుడు. క్లాసులో నోరు విప్పే రకం కాదు.

"అడవిలో మేవున్నాం గదా మాష్టారూ. వెన్నెల్లో ధింసా ఆడతాం. వృథా ఎలాగౌద్ది?" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కాని నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. వెన్నెల అడవిలో కాస్తే వృథా అని మొదట అన్నవాడెవడో గాని, అడవిలో మనుషులుంటారన్న ఊహ వాడికి లేదు. పాపం, చెడ్డవాడై ఉండడు. ఊళ్ళో తన అరుగు మీద కూర్చుని అన్నాడు. ఆ మాట అన్ని వందల ఏళ్ళుగా మన నోళ్ళలో నానుతూనే ఉంది. ఎవరూ అడ్డుపడలేదు, అడ్డుపడవలసినవాళ్ళు క్లాసుల్లో లేరు గనక. ఇప్పుడు వచ్చారు. ఆ రోజు సాయంత్రమే నేను జైపాల్ సింగ్ గురించిన పుస్తకాలు లైబ్రరీలోంచి తెచ్చుకున్నాను.

ఆ కుర్రవాడి ఊరికీ జైపాల్ సింగ్‌కూ సంబంధం లేకపోలేదు. పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటివి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు ప్రాంతాలు. రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు వాటికి రక్ష. గిరిజన సలహా మండలిలో ముప్పాతిక వంతు సాధ్యమైనంతవరకు ఆ తెగల శాసనసభ్యులే ఉండాలని అందులోనే ఉంది. ఇటువంటి ప్రాంతాలను గురించి ఆలోచించడానికి రాజ్యాంగసభ ఠక్కర్ బాపా అధ్యక్షతన ఒక ఉపసంఘాన్ని వేసింది. అందులో జైపాల్ సింగ్ ఒక సభ్యుడు. ఆమ్‌స్టర్‌డాంలో హాకీ కర్ర పట్టిన చెయ్యి మన కొండలదాకా వచ్చిందన్నమాట.

ఇక రెండవ ఆయన. ఆస్ట్రేలియాలో మర్రే నది ఒడ్డున కమరగంజ అనే ఒక పల్లె ఉంది. అక్కడి ఆదివాసులను ప్రభుత్వం ఒకచోట చేర్చి ఉంచిన తావు. అక్కడ 1906లో యోర్టా యోర్టా తెగలో డగ్లస్ నికల్స్ పుట్టాడు. జైపాల్ సింగ్‌లా ఆక్స్‌ఫర్డ్ చదువు లేదు, పాదిరీ వచ్చి ఓడ ఎక్కించలేదు. కూలిపనులు చేసుకుంటూ పెరిగాడు. మనిషి అయిదడుగుల రెండంగుళాలు. కాని పరుగుకు పెట్టింది పేరు. పందాలలో గెలిచి డబ్బు తెచ్చుకునేవాడు. ఫుట్‌బాల్ ఆడడానికి మెల్‌బోర్న్ వెళ్ళాడు. అక్కడి ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. చేత్తో పట్టుకోవడం, కాలితో తన్నడం రెండూ ఉన్న ఆట.

మొదట చేరిన క్లబ్బులో ఏం జరిగిందో తెలుసా? తోటి ఆటగాళ్ళు, ఇతని దగ్గర వాసన వస్తున్నదన్నారు. ఆటకు ముందు అందరికీ ఒళ్ళు మర్దన చేసే మనిషి ఇతని ఒంటిమీద చెయ్యి వెయ్యనన్నాడు. అతని రంగే అతని నేరం. అక్కడినుంచి వచ్చేసి చిన్న క్లబ్బులో ఆడి పేరు తెచ్చుకున్నాడు. 1932లో ఫిట్జ్‌రాయ్ జట్టులోకి పిలిచారు. మొదటి రోజు బట్టలు మార్చుకునే గదిలో ఒక మూలగా ఒంటరిగా కూర్చున్నాడట. అప్పుడు ఆ జట్టులోకెల్లా గొప్ప ఆటగాడు హేడన్ బంటన్ తన సంచి తెచ్చుకుని వచ్చి ఇతని పక్కన కూర్చున్నాడు. అంతే, గదిలో మిగిలినవాళ్ళకు ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. పక్కన వచ్చి కూర్చోవడంలో ఎంత బలం ఉందో మనకు తెలియనిది కాదు; మన ఊళ్ళ పంక్తిభోజనాల చరిత్ర మనకు తెలుసు గదా!

ఆటమీద వచ్చిన పేరును నికల్స్ పెట్టెలో దాచుకోలేదు. పాస్టరై, నగరంలో చెదిరి బతుకుతున్న తనవాళ్ళను చేరదీశాడు. 1957లో పశ్చిమాన ఎడారి అంచునున్న వార్బర్టన్ కొండల ప్రాంతానికి ఒక శాసనసభ్యుడితో కలిసి వెళ్ళాడు. అక్కడ ఆకలితో, రోగాలతో కృశిస్తున్న ఆదివాసులను సినిమా తీసి పట్టుకొచ్చి, సభల్లో చూపించాడు. ఒకప్పుడు ఆయన ఆట చూడడానికి వచ్చిన నగరమే ఇప్పుడు ఆయన చూపించినది చూడవలసి వచ్చింది. ఆ యేడే మెల్‌బోర్న్‌లో ఆదివాసుల అభ్యుదయం కోసం ఒక సంఘం పుట్టింది. అందులో నికల్స్ ఊరూరా తిరిగి పనిచేశాడు. ఆయనతో బాటు ఎందరో చేసిన కృషి ఫలితంగా 1967 మే 27న ఆస్ట్రేలియాలో ప్రజాభిప్రాయం అడిగారు. దేశపు జనాభా లెక్కల్లో ఆదివాసులను కలపకూడదనే నిబంధనను తీసివేయాలా, వారికోసం చట్టాలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉండాలా అన్నది ప్రశ్న. నూటికి తొంభైమందికి పైగా అవునన్నారు. 1972లో నికల్స్‌కు 'సర్' బిరుదు వచ్చింది. 1976 డిసెంబరులో ఆయన దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. ఆరోగ్యం సహకరించక కొద్ది నెలలకే దిగిపోయాడనుకోండి. కాని ఒకనాడు ముట్టుకోమన్న ఒంటికి గవర్నరు దుస్తులు తొడిగి, సైనికులు వందనం చేశారు.

వీరిద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేదొకటి. 'నాయకుడు' అనే మాటకు నడిపించుకుపోయేవాడని అర్థం. ముందు పరుగెత్తేవాడని కాదు. పరుగుపందెంలో గెలవాలంటే తక్కినవాళ్ళను వెనక వదిలిపెట్టాలి. నాయకత్వంలో అది పనికిరాదు. వెనకబడినవాడు వచ్చేదాకా ఆగాలి. ఆటలో నేర్చిన దాన్ని సగం ఉంచుకుని సగం మరిచిపోగలవాడే నాయకుడవుతాడు.

అంతటా గెలుపే ఉంటుందని కూడా అనుకోకూడదు. జైపాల్ సింగ్ స్థాపించిన జార్ఖండ్ పార్టీ కోడిపుంజు గుర్తు మీద నిలబడి, 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో 32 స్థానాలు గెలిచింది. ప్రత్యేక రాష్ట్రం రేపోమాపో వస్తుందనుకున్నారు. రాలేదు. తరువాతి ఎన్నికల్లో బలం తగ్గింది. 1963లో ఆయన పార్టీని తీసుకెళ్ళి కాంగ్రెసులో కలిపేశాడు. నమ్ముకున్నవాళ్ళు చాలామంది నొచ్చుకున్నారు. 1970 మార్చి 20న ఆయన పోయాడు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, అంటే మరో ముప్ఫై ఏళ్ళకు గాని రాలేదు. ఆ రోజు చూడడానికి ఆయన లేడు. కాని రాష్ట్రం కావాలన్న మాట మాత్రం ఆయన పోయాక కూడా జనం నోట ఆగలేదు.

ఈ సంగతులన్నీ నేను మా కబాడీ కుర్రవాడికి చెప్పవలసి వచ్చింది. మొన్న డిగ్రీ పరీక్షలు రాశాక ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక సంచి. ఆటగాళ్ళకు కేటాయించిన ప్రభుత్వోద్యోగాల ప్రకటన వచ్చింది. దరఖాస్తు పెడితే అతడికి రావడానికి మంచి అవకాశం ఉంది. ఇంకోవంక ఊరివాళ్ళు, చదువుకున్నవాడివి, పంచాయతీకి నువ్వే నిలబడు అంటున్నారు. వాళ్ళ గూడేనికి రోడ్డు లేదు. కిందటి వానాకాలంలో నిండు గర్భిణి అయిన వాళ్ళక్కను డోలీలో మోసి, వాగు దాటించి రోడ్డు దాకా తెచ్చిన నలుగురిలో అతడొకడు. తల్లీ బిడ్డా బతికారు. "అప్పుడు నేను సెలవుల్లో ఉండబట్టి మాష్టారూ. లేకపోతే ముగ్గురే ఉన్నారు" అన్నాడు.

కాళ్ళ బలం గురించి మా స్టాఫురూములో అనే మాట నాకు గుర్తుకొచ్చింది. ఆ కాళ్ళు ఎక్కడ బలిశాయో అప్పుడు తెలిసింది.

కాఫీ తెచ్చిన మా ఆవిడ అంతా విని, "ముందు ఉద్యోగంలో చేరు నాయనా. ఊరెక్కడికీ పోదు" అంది. ఇద్దరు పిల్లల్ని పెంచిన ఇల్లాలి మాట అది, తీసిపారేసేది కాదు. నెలకింత అని వచ్చే జీతం విలువ ఆవిడకు తెలుసు. నేను మాత్రం ఏదీ తేల్చి చెప్పలేదు. జైపాల్ సింగ్ ఐ.సి.యస్. పోగొట్టుకుని ఆటకు వెళ్ళిన సంగతీ, మళ్ళీ పదేళ్ళు ఉద్యోగాలు చేసుకుని గాని తనవాళ్ళ దగ్గరికి రాని సంగతీ, రెండూ చెప్పాను.

కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు. "ఉద్యోగం పోయినాక ఆయన్ని ఇంట్లోవాళ్ళు తిట్టినారా మాష్టారూ?" అని అడిగాడు.

పుస్తకాల్లో రాయలేదన్నాను. నవ్వాడు. సంచిలోంచి ఉద్యోగం దరఖాస్తు తీసి, గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించాలి, మా ప్రిన్సిపాలుగారికి ఒక మాట చెప్పమన్నాడు. చెబుతానన్నాను. ఆ కాగితం లోపల పెడుతుండగా మరొక కాగితం కనిపించింది. ఏమిటని అడిగితే, ఊరి ఓటర్ల జాబితా అన్నాడు. తన పేరు తప్పు పడింది, దిద్దించడానికి మండలాఫీసుకు కూడా వెళ్ళాలట.

రెండు కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకుని, పదిన్నర బస్సుకు వెళ్ళాడు.